చాంబర్ వెనక రెండు బోల్టులు

ఈమధ్య అమీర్‌పేటలో నాకెవరూ కరపత్రం ఇవ్వటం లేదు. ఒకప్పుడు మెట్రో మెట్లు దిగి ఇంటికి చేరేలోగా రెండు చేతులూ నిండేవి. జావా, పైథాన్, టెస్టింగు, ఉచిత డెమో, ఏసీ క్లాసురూము. పంచేవాళ్ళు మనిషి మొహం చూసేవాళ్ళు కాదు, చెయ్యి ఖాళీగా ఉందా లేదా అన్నదే చూసేవాళ్ళు. ఇప్పుడు మొహం చూస్తున్నారు. నా ముందు నడిచేవాడికి ఇస్తారు, నా వెనకవాడికి ఇస్తారు, నేను దగ్గరికి వచ్చేసరికి కాగితాల కట్ట సర్దుకుంటారు. యాభై రెండేళ్ళకు జుట్టు నెరిసినవాడు కొత్తగా ఏమీ నేర్చుకోడని వాళ్ళకెవరు చెప్పారో తెలియదు. నిజమే కావచ్చు. కానీ అడగకుండా తేల్చేయటం మర్యాద కాదు.

పైగా మొన్నమొన్నటిదాకా నాకు అవి అవసరమయ్యేవి. వాటిని మా ట్రాక్టరు కింద పరిచేవాణ్ణి.

అమీర్‌పేటలో ట్రాక్టరేమిటని మీరనుకోవచ్చు. మా అపార్టుమెంటు సెక్రటరీ గారు కూడా అదే అంటారు, ఇంకొంచెం గట్టిగా. మా నాయన ఊళ్ళో వ్యవసాయం మానుకున్నాక ఆ ట్రాక్టరును పట్నం తెచ్చి, వెనకాల నీళ్ళ ట్యాంకరు తగిలించి, ఏళ్ళ తరబడి ఇటు పంజాగుట్ట నుంచి అటు అమీర్‌పేట దాకా హాస్టళ్ళకు నీళ్ళు పోశాడు. అది పొలం దున్నింది తక్కువ, సందుల్లో రివర్సు చేసింది ఎక్కువ. తర్వాత మా పాత ఇల్లు కూల్చి ఐదంతస్తులు కట్టినప్పుడు మా వాటాకు ఫ్లాట్లతో పాటు సెల్లారులో రెండు బండ్ల జాగా వచ్చింది. ఒకదాంట్లో నా కారు. రెండోదాంట్లో, పొగగొట్టం ఊడదీసి దూర్చిన ట్రాక్టరు. నాయన పోయి తొమ్మిదేళ్ళయినా అది అక్కడే ఉంది. ఆయన బతికుండగా దాన్ని అందరూ డొక్కు అనేవారు. ఇప్పుడు వింటేజ్ అంటున్నారు. మనుషులకు ఆ సౌకర్యం లేదు.

నెలకోసారి దాన్ని స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచేవాణ్ణి. ఏడాదికోసారి నాయనకు పెట్టే తద్దినం కంటే ఇదే శ్రద్ధగా చేశాను, పొగ కూడా ఇందులోనే ఎక్కువ. కాకపోతే అది నూనె కార్చేది. కరపత్రాలు పరిచినా వాటిని తడిపి, నేల మీదికి పాకి, పక్కనున్న స్కూటర్ల దాకా వెళ్ళేది.

"ఏంటండీ, మీ ట్రాక్టరు మళ్ళీ చేసింది," అని సెక్రటరీ గారు ఫోను చేసేవారు, నేనేదో కుక్కను పెంచుతున్నట్టు. ఆయనది గుంటూరు వైపు. కోపంలో కూడా 'అండీ' వదలరు. కిందటి జనవరిలో ఆయన భార్య స్కూటరు ఆ నూనె మీద జారింది. ఆవిడకు ఏమీ కాలేదు. ఎర్రగడ్డ రైతుబజారు నుంచి తెచ్చిన టమాటాలకు మాత్రం అయింది. ఆ సాయంత్రం ఆయన మా తలుపు కొట్టి, నెలాఖరు లోపు బాగుచేయిస్తారో, ఇనప సామాన్ల వాడికి ఇచ్చేస్తారో తేల్చుకోమన్నారు. "నాకేం కక్ష లేదండీ. నూనె లేని ట్రాక్టరైతే నాకు అభ్యంతరం లేదు," అన్నారు.

అందుకని నేను కాకాకు ఫోను చేశాను. చేయకుండా ఉండాల్సింది. ఇప్పుడలా అనుకోవటం సులువు.

కాకా అంటే మాకు రక్తసంబంధం ఏమీ కాదు. పంజాగుట్టలో నాలా పక్కన రేకుల షెడ్డులో డీజిలింజన్లు బాగుచేసేవాడు, మా ట్రాక్టరు మంచీ చెడూ ఆయనే చూసేవాడు. నాయనా ఆయనా ఒకరినొకరు తిట్టుకుంటూ పాతికేళ్ళు గడిపారు కాబట్టి నాకు కాకా అయ్యాడు. షెడ్డు పోయింది. ఆయన భార్య పోయింది. బోరబండలో కూతురి దగ్గర ఉంటున్నాడు. వయసు అడిగితే డెబ్బై అంటాడు, నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచి ఇంచుమించు అంతే ఉన్నట్టు నాకు గుర్తు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి ఆటోలో పానాల డబ్బాతో దిగాడు. సెల్లారులోకి వచ్చి ట్రాక్టరు బానెట్టు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత కింద నూనె మడుగు చూసి, "చాంబర్ ప్యాకింగ్ పోయింది. చాంబర్ దించాలె," అన్నాడు.

ఇంజను అడుగున నూనె నిలిచే పెద్ద పళ్ళెం లాంటి దాన్ని పుస్తకాల్లో ఏమన్నా అనొచ్చు, మన షెడ్లలో దాన్ని చాంబర్ అంటారు. దానికీ ఇంజనుకూ మధ్య నూనె కారకుండా పెట్టే అట్ట ప్యాకింగ్. మా ఆఫీసులో చాంబర్ అంటే మేనేజరు కూర్చునే గది. రెండింట్లోనూ అడుగున పేరుకునేది ఒకటే కాకా, అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నవ్వటానికి వచ్చినట్టు లేడు. కొత్త అంగీ వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు.

కారణం నట్లు విప్పుతూ చెప్పాడు. ఎర్రగడ్డలో పాత డీజిలింజన్ల షెడ్డు ఒకటుందట. దాని యజమాని కాకా దగ్గరే పని నేర్చినవాడు. పాత ఇంజన్ల సంగతి తెలిసినవాళ్ళు దొరకటం లేదు, వచ్చి కూర్చో ఉస్తాద్, చెయ్యి నడుస్తే చాలు, అన్నాడట. సోమవారం నుంచి.

"నా బిడ్డ వద్దంటున్నది," అన్నాడు. "నీకు షుగరు, నీకు కండ్లు కనవడవు, వేళ్ళకు సోయి లేదు, ఇగ ఇంట్ల కూసో అంటది. నేనన్న, శనివారం నాడు ఒక చాంబర్ దించుతున్న. సక్కగ దిగితే సోమవారం పోత. దిగకపోతే నువ్వు చెప్పినట్టే ఇంటా, డబ్బా సుత అమ్ముకో అన్న."

"పందెమా కాకా?"

"పందెం గాదు బిడ్డా. నాకే తెల్వాలె గద."

ఇంత స్పష్టంగా చెప్పాడు. ఆ రోజు ఆయనకు ఏం ముఖ్యమో నాకు తెలియదని నేను ఎక్కడా చెప్పుకోలేను.

ఆయన పనితనం ఒకటి చెప్పాలి. నూనె కార్చేసి, కింద జాకీ పెట్టి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాక, ఒక కరపత్రం వెనక వైపు పెన్సిలుతో చాంబర్ ఆకారం గీశాడు. అంచు చుట్టూ బోల్టులు ఎక్కడెక్కడ ఉంటాయో చిన్న సున్నాలు చుట్టాడు. విప్పిన ప్రతి బోల్టునూ ఆ కాగితంలో దాని సున్నాలోనే గుచ్చాడు. ఏ రంధ్రంలోది ఆ రంధ్రంలోకే పోవాలి, అన్నదమ్ములైనా ఒకరి చెప్పులు ఇంకొకరికి పట్టవు, అనేవాడు. మూడు వారాల్లో ఉద్యోగం గ్యారంటీ అన్న కాగితం మీద ఇరవై రెండు బోల్టులు వరసగా నిలబడ్డాయి. వెనక వైపు రెండు సున్నాలు ఖాళీగా మిగిలాయి.

"ఇవి?" అన్నాను.

"అవి ఫ్లైవీలు మూత కాడ లోపలికి దాక్కొని ఉంటయ్. పైకి కనవడవు, చెయ్యి పెట్టి చూడాలె. మీ నాయిన ఒకసారి రోడ్డు మీద తనే విప్పి, ఆ రెండూ పెట్టుడు కష్టమని పెట్టనేలేదు. తిట్టి పెట్టించిన అనుకుంట. మల్ల తీసిండో, ఉంచిండో, యాది లేదు."

తన కుడి చెయ్యి లోపలికి పెట్టాడు. మోచేయి దాకా పోయింది. వేళ్ళు కదిపాడు, ఆపాడు, మళ్ళీ కదిపాడు. బయటికి తీసి చూపుడువేలు, మధ్యవేలు బొటనవేలికి రాసి చూసుకున్నాడు.

"ఈ రెండు వేళ్ళకు తెలుస్తలేదు బిడ్డా. నువ్వు జర చూడు. ఉన్నయా, లేవా. అంతే."

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి, చెప్పకుండా దాటేయాలని ఉన్నా. బేగంపేటలో ఒక సాఫ్టువేరు కంపెనీలో నేను టెస్టింగు విభాగం చూస్తాను. 'చూశాను' అని రాసినవాళ్ళు నిజంగా చూశారా లేదా అని చూడటం నా పని. ఇరవై ఏళ్ళుగా దానికి జీతం తీసుకుంటున్నాను. చూడకుండా టిక్కు పెట్టినవాళ్ళను చాంబర్లోకి పిలిచి మర్యాదగా మాట్లాడటంలో నాకు పేరుంది.

ఆ రోజు పదకొండింటికి ఫోనులో మీటింగు ఉంది. శనివారమే, కానీ పెద్దవాళ్ళు వస్తారు కాబట్టి లేత నీలం చొక్కా వేసుకుని ఉన్నాను. చొక్కా చేతులు పైకి మడిచాను. నేల మీద పడుకుని చెయ్యి లోపలికి పెట్టాను. చల్లగా, మెత్తగా, వేలు మందాన నూనె మడ్డి తగిలింది. ఏళ్ళనాటి దుమ్మూ నూనే కలిసి ముద్దయింది. మణికట్టు దాటాక ఏదో కదిలినట్టనిపించింది. బొద్దింక కావచ్చు, నా భయం కావచ్చు. చెయ్యి బయటికి లాగేశాను. రెండు అంగుళాలు ఇంకా ముందుకు పోవాల్సింది.

"లేవు కాకా," అన్నాను.

ఈ మాట గురించి నేను చాలా ఆలోచించాను. 'తగల్లేదు' అనొచ్చు. అది నిజమే అయ్యుండేది. 'నాకు అందలేదు' అనొచ్చు. 'సరిగ్గా తెలియటం లేదు' అని కూడా అనొచ్చు, తెలుగులో దానికి ఏ అడ్డంకీ లేదు. నేను 'లేవు' అన్నాను. ఉన్నాయా లేవా అని అడిగితే చదువుకున్నవాడు సూటిగా సమాధానం చెప్పాలి కదా.

కాకా కాగితం మీద ఆ రెండు సున్నాలకూ అడ్డంగా గీత కొట్టాడు. "మీ నాయిన పెట్టలే అన్నట్టు. దొంగ," అన్నాడు. పోయిన స్నేహితుణ్ణి తిట్టే అవకాశం దొరికినందుకు మొహం వెలిగింది.

చాంబర్ మాత్రం రాలేదు.

ముందు రబ్బరు సుత్తితో చుట్టూ తట్టాడు. తర్వాత కర్ర దిమ్మె పెట్టి దాని మీద కొట్టాడు. మధ్యలో ఆగి చెవి ఆనించి వినేవాడు. ముందు వైపు వెంట్రుక వాసి విచ్చుకుంది. వెనక కదల్లేదు. డీజిలు పోసి నానబెట్టాడు. మా సెల్లారులో బండ్లు తీసుకునేవాళ్ళు వచ్చి ఆగి, సలహా ఒకటి పారేసి వెళ్ళారు. సెక్రటరీ గారు వచ్చి, "ఏంటండీ, ఇంకా దిగలేదా?" అని అడిగి, తానే "దిగుతుంది లెండి," అని వెళ్ళిపోయారు.

పదిన్నరకు కాకా కింద నుంచి బయటికి జరిగి నన్ను చూశాడు. "వెనక పట్టుకుంది. నువ్వు సక్కగ చూసినవా?"

దేవుడు మనిషికి రెండో అవకాశం ఇస్తాడో లేదో నాకు తెలియదు. కాకా ఇచ్చాడు.

"చూసిన కాకా," అన్నాను.

మళ్ళీ చెయ్యి పెట్టి చూస్తాను అంటే సరిపోయేది. కానీ అప్పుడు మొదటిసారి సరిగ్గా చూడలేదని ఒప్పుకున్నట్టవుతుంది. పైగా చేతులు అప్పుడే సబ్బుతో కడుక్కున్నాను. ఈ రెండు కారణాల్లో ఏది పెద్దదో నిజాయితీగా చెప్పలేను. సబ్బే అయ్యుంటుందని నా అనుమానం.

"అయితే లక్కే," అన్నాడు. పాత మిస్త్రీలు ప్యాకింగుకు లక్క పూసి బిగించేవాళ్ళు, అది రాయిలా పట్టేస్తుంది. నిజానికి లక్క పూసినవాడు ఆయనే. "నేనే మస్తు పూసిన గప్పుడు. నా పని నన్నే పట్టుకున్నది." డబ్బాలోంచి పలుచటి ఉలి తీశాడు. వెనక అంచు సందులో దూర్చాడు. సుత్తి ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆయన మనసు ఒప్పుకోవటం లేదని నాకు అర్థమైంది. ఆయన మనసు కంటే నా మాటకే విలువిచ్చాడు, చదువుకున్న బిడ్డను కదా.

ఒక దెబ్బ. రెండు. మూడో దెబ్బకు 'టక్' మని వినిపించింది. పెద్ద చప్పుడేమీ కాదు, ఎండిన కొబ్బరిచిప్ప పగిలినట్టు.

చాంబర్ బీడుది. బీడంటే మా ఊళ్ళో దున్నని నేల, షెడ్డులో పోత ఇనుము. మా ఇంట్లో ఆ మాటకు రెండర్థాలూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. పోత ఇనుము వంగదు, సర్దుకోదు. పట్టు ఉన్నచోట పట్టి ఉంచి, లాగినచోట పగులుతుంది. వెనక మూల నుంచి జానెడు పొడుగు బీట వచ్చింది.

కాకా సుత్తి కింద పెట్టాడు. బొటనవేలితో ఆ బీట మొదటి నుంచి చివరి దాకా రాశాడు. తర్వాత తన కుడి చెయ్యి తిప్పి చూసుకున్నాడు, అది తనది అవునా కాదా అన్నట్టు.

"చెయ్యి తప్పింది," అన్నాడు.

"పాతది కాకా, బీడు కదా..."

"బీడని నాకు ఎర్కలేదా?" కోపంగా కాదు, మామూలుగా అడిగాడు. "యాభై ఏండ్లల్ల ఒక్క చాంబర్ పగలగొట్టలే. మీ నాయిన ఉంటే నవ్వి సంపేటోడు."

చేతులు కడుక్కొస్తానని పైన నల్లా దగ్గరికి వెళ్ళాడు. మెట్లు ఎక్కుతూ గోడ పట్టుకోవటం చూశాను. పొద్దున దిగి వచ్చేటప్పుడు పట్టుకోలేదు.

నేను ఒక్కణ్ణే మిగిలాను. ఏ బుద్ధి పుట్టిందో, చొక్కా విప్పి బనీనుతో కింద దూరాను. ఫోను లైటు వేసి, కరపత్రం ఒకటి ఉండచుట్టి వెనక మూలన మడ్డి తుడిచాను. మొదటి తుడుపుకే ఒక బోల్టు తల బయటపడింది. పక్కన రెండోది.

అప్పుడు పైకి వెళ్ళి "కాకా, ఉన్నయ్" అని ఉంటే ఈ జ్ఞాపకం రాయాల్సిన పని ఉండేది కాదు. చాంబర్ ఎలాగూ పగిలింది. ఆయన నన్ను పచ్చి బూతులు తిట్టేవాడు. సోమవారం ఎర్రగడ్డ వెళ్ళి, ఆ షెడ్డులో అందరికీ నా కథ చెప్పి, చదువుకున్నోళ్ళ చేతులింతే అని నవ్వుతూ పని మొదలుపెట్టేవాడు.

నేను డబ్బాలోంచి పానా తీశాను. ఏళ్ళుగా నూనెలో నానిన బోల్టులు, చిలుం లేదు, ఏం లేదు. చేత్తో తిప్పినట్టు తిరిగాయి. రెండోది ఊడగానే చాంబర్ మెత్తగా, బుద్ధిగా, వేలెడు కిందికి దిగి జాకీ మీద కూర్చుంది. అంత మొండిదనుకున్నది అంత నెమ్మదస్థురాలని తెలియటం నాకు బాధగా ఉంది. రెండు బోల్టులూ ప్యాంటు జేబులో వేసుకున్నాను.

కాకా వచ్చేసరికి నేను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. "వచ్చింది కాకా. కొంచెం కదిపితే వచ్చేసింది."

చాంబర్ వైపు చూసి తలూపాడు. "వస్తది. పగిలినంక ఎందుకు రాదు."

ఆ బోల్టుల రంధ్రాలు చూస్తాడేమోనని భయపడ్డాను. ఆయన చూడలేదు. బీటను తప్ప దేన్నీ చూడలేదు. బీడు వెల్డింగు ఎక్కడ బాగా చేస్తారో చెప్పాడు, బిగించటానికి వేరేవాణ్ణి పిలవమన్నాడు. ఫోను తీసి ఎర్రగడ్డ షెడ్డు అతనికి చేశాడు. "నేను రాను బిడ్డా సోమవారం. లేదు, పానం మంచిగనే ఉన్నది. చెయ్యి తప్పింది," అని పెట్టేశాడు. పానాల డబ్బా ఆటోలో పెట్టబోతే, "ఉండనియ్యి ఈడనే. నాకేం పని దాంతోని," అన్నాడు.

పదకొండింటికి మీటింగులో కూర్చున్నాను. ఒక అమ్మాయి చూడకుండా టిక్కు పెట్టిన సంగతి చర్చకు వచ్చింది. నన్ను అభిప్రాయం అడిగారు. సిగ్నలు సరిగ్గా లేదని చెప్పాను.

తర్వాతి వారం చాంబర్‌కు అతుకు వేయించాను. ఇంకొకరు వచ్చి బిగించారు, ఇరవై నాలుగు బోల్టులకు రెండు తక్కువైతే కొత్తవి కొనిచ్చాను. నూనె కారటం ఆగింది. సెక్రటరీ గారు చేతులు కలిపి, "చూశారా అండీ, అనుకుంటే ఎంతసేపు," అన్నారు. నేల ఇప్పుడు పొడిగా ఉంది. పొద్దున కారు తీయటానికి వెళ్ళినప్పుడల్లా ఆ పొడి నేల మీద చూపు నిలవదు నాకు.

చెబుదామనే అనుకున్నాను. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం. ఒకసారి ఫోను చేస్తే కూతురు ఎత్తి, పడుకున్నాడు సార్, లేపాలా, అంది. వద్దమ్మా పాపం, అన్నాను. అంత దయ నాలో ఎప్పుడూ లేదు. ఇంకోసారి పంజాగుట్టలో స్వీట్లు కొని బోరబండ బయల్దేరి, షుగరు మనిషికి స్వీట్లేమిటని గుర్తొచ్చి, సనత్‌నగర్ దగ్గర వెనక్కి తిరిగాను. ఆ స్వీట్లు మేమే తిన్నాం. బాగానే ఉన్నాయి.

ఆగస్టులో వెళ్ళాను, ఆరు నెలల తర్వాత. సందు చివర రెండు గదుల ఇల్లు. కూతురు వాకిట్లో కుట్టుమిషను మీద జాకెట్టు కుడుతోంది. మిషనుకు ఒక వైపు ఇటుక ముక్క ఎత్తు పెట్టి ఉంది.

"లోపట ఉన్నడు సార్," అంది. గొంతు తగ్గించి, "మీరన్న జర చెప్పున్రి. పంకా తిరుగుతలేదు, మిక్సీ పోయి నెలైంది. మొత్తం వాడకట్టు ఇంజన్లు బాగుచేసినోడు, ఇంట్ల ఒక్క స్క్రూ ముట్టడు. చెయ్యి తప్పుతది అంటడు. నేనే పని మానుమన్న, నిజమే. గిట్ల మానుమనలే," అంది.

కాకా మంచం మీద కూర్చుని బత్తాయి వలుస్తున్నాడు. వలుస్తున్నాడంటే, మధ్యలో ఆగి వేళ్ళు చూసుకుంటున్నాడు. నన్ను చూసి సంతోషించాడు. ఆ సంతోషం చూడటం కష్టమైంది. ట్రాక్టరు ఎట్లుందని అడిగాడు. కారటం ఆగిందన్నాను. "ఎవడు బిగించిండో, మంచిగ బిగించిండు," అన్నాడు.

నేను జేబులోంచి రెండు బోల్టులు తీసి మంచం మీద పెట్టాను. జోకుతో మొదలుపెడదామని దారంతా ఒకటి తయారుచేసుకున్నాను. గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. చెయ్యి మొత్తం పెట్టలేదని, అయినా లేవన్నానని, రెండోసారి అడిగితే చూశానన్నానని, ఆయన పైకి వెళ్ళినప్పుడు విప్పి జేబులో వేసుకున్నానని. కుట్టుమిషను చప్పుడు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.

కాకా ఒక బోల్టు తీసుకుని కిటికీ వెలుగుకు పెట్టి చూశాడు. మరలు గోటితో గీకాడు.

"ఎంత పానా పట్టింది?"

"పదిహేడు."

"బలంగ తిప్పినవా?"

"లేదు కాకా. ఊరికే వచ్చినయ్."

"మడ్డి ఎంత మందం ఉన్నది?"

"వేలంత."

"ఊఁ." బోల్టును వేళ్ళ మధ్య తిప్పాడు. "అయితే నేను మూడో దెబ్బ కొట్టంగనే అది ఆ రెండింటి కాడ పట్టి, ఈ దిక్కు పగిలింది. దెబ్బ సక్కగనే పడ్డది."

"సక్కగనే పడ్డది కాకా. తప్పు నీ చేతిది కాదు."

గడప దగ్గర కూతురు నిలబడి ఉంది, చేతిలో కత్తెర. "ఎర్రగడ్డ షెడ్డుకు నేను పోయి మాట్లాడతా," అన్నాను. "ఏం జరిగిందో నేనే చెప్తా."

"గాడ ఉగాదికే వేరేటోడు కుదిరిండు సార్," అంది ఆమె.

కాకా బోల్టును రెండోదాని పక్కన పెట్టాడు. రెండూ దొర్లి మంచం నడుమ గుంతలోకి జారి ఒకదానికొకటి తగిలాయి. కోపం వస్తుందనుకున్నాను, రావాలని కోరుకున్నాను కూడా. దాని కోసమే అంత దూరం వచ్చానేమో. ఆయన బత్తాయి పక్కన పెట్టి, నా వైపు తిరిగి, చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే మా నాయన చూసినట్టు చూశాడు.

"చెప్పకపోతే మంచిగుండేది బిడ్డా," అన్నాడు. "ముసలితనం అనుకొని సర్దుకున్న."